సిరా కలిసిన చోటు

తడి గీత మెరుస్తుంది.

కలం దాటిపోయాక రెండు మూడు ఊపిరుల సేపు... అంతే. తర్వాత ఆ మెరుపు ఒక కొస నుంచి ఆరుతూ వస్తుంది. ఎండాకాలం చెరువు అంచు ఆరినట్టు. నలుపు మిగులుతుంది.

సామ్యేలు ఆ ఆరడం చూస్తూ కూర్చుంటాడు. ఒక గీత ఆరేదాకా దాని పక్కన ఇంకో గీత గీయడు.

బల్ల మీద గంజి పట్టించిన పల్చని బట్ట. దాని అడుగున పెన్సిలు గీతల కాగితం. సిరా గిన్నెలోంచి మసి వాసన. చేతిలో గీతల కలం — రెండు ఉక్కు పెదవులు, వాటిని కలిపే చిన్న మర. మర బిగిస్తే పెదవులు దగ్గరవుతాయి, గీత వెంట్రుకలా వస్తుంది. వదులు చేస్తే లావెక్కుతుంది.

పదమూడేళ్లుగా ఆ మర మీద అతని బొటనవేలు.

పట్నంలో, కట్టడాలకు నక్షాలు గీసే దఫ్తరులో, ఒక ముసలి ఉస్తాద్ అతనికి నేర్పాడు. ఇంటిని నడుము ఎత్తున కత్తితో అడ్డంగా కోశావనుకో. పైభాగం తీసి పక్కన పెట్టు. పైనుంచి చూడు. కత్తికి తెగినది గోడ — దానికి లావు గీత. తెగకుండా కింద కనబడేది అరుగు, మెట్టు, గడప — వాటికి సన్న గీత. తెగనిది, కనబడనిది, అయినా ఉన్నదని నీకు తెలిసినది — దానికి తునకల గీత.

"మూడే, బేటా. నాలుగోది లేదు. నాలుగోది గీసినోడు నక్షా గీయలే, కథ చెప్పిండు."

సామ్యేలుకు ఆ మాట మీద నమ్మకం. మనుషుల మధ్య ఏది లావో ఏది సన్నమో అతనికి ఎన్నడూ అంతుపట్టలేదు. బట్ట మీద అంతుపట్టేది.

నలభై ఎనిమిది వేసవిలో పట్నం చెడింది. వీధుల్లో రజాకార్ల కవాతు. దఫ్తరులో సగం కుర్చీలు ఖాళీ. కలాల పెట్టె చంకన పెట్టుకుని అతను ఇబ్రహీంపట్నం వచ్చేశాడు — తన ఊరు.

ఆ సెప్టెంబరులో యూనియన్ మిలిట్రీ వచ్చింది. నిజాం రాజ్యం పోయింది.

మిలిట్రీ పోలేదు.

గుట్టల్లో, దొరల మీద తిరగబడ్డ సంగం వాళ్ల తుపాకులు ఇంకా దిగలేదు. వాళ్ల కోసం ఉండిపోయింది.

*

అంతకుముందు ఒక నక్షా ఉండేది.

రెండేళ్లు, పట్నం నుంచి ఊరికొచ్చిన ఆదివారాలు, ప్రార్థన ముగిశాక, సామ్యేలు తన ఊరిని తనే కొలిచి గీసుకున్నాడు. రాళ్ల గుట్టలు. చెరువు కట్ట. ప్రతి ఇంటి బయటి గోడ.

బయటి గోడలే.

అతను ఊరి చివరి క్రైస్తవ వాడలో పుట్టినవాడు. మిషను బడిలో చదివినా, పట్నంలో పని చేసినా, ఊళ్లో ఏ గడపా అతన్ని లోపలికి పిలవలేదు. అందుకే అతని ఊరిలో ఇళ్లకు లోపల లేదు. నల్లని అంచులు. మధ్యన తెలుపు.

అయినా అది అతని చేతి పనుల్లోకెల్లా మంచిది. పట్వారీ చూసి, అడిగి తీసుకుని, తన కచేరీలో భూమి కాగితాల పక్కన పెట్టుకున్నాడు.

మిలిట్రీ రావడానికి నెల ముందు సంగం వాళ్లు ఆ కచేరీ కాగితాలన్నీ వాకిట్లో కుప్పపోసి కాల్చారు. కాలవలసినవే. ఆ కాగితాల మీద ఎవరెవరి చెమట ఎవరెవరి పేర ఉందో ఊరికంతా తెలుసు. వాటితో పాటు బట్ట మీది ఊరు కూడా కాలింది. గంజి బట్ట కదా... త్వరగా అంటుకుంది.

నిప్పు పెట్టినవాడు కొండల్. రైతుబిడ్డ. అదే ఊళ్లో ఉండే నర్సింహమ్మకు తమ్ముడు. ఇరవై మూడేళ్లు.

"కొండల్, అండ్ల నాదొక నక్షా ఉండె," అన్నాడు సామ్యేలు, మంట ఇంకా ఆరకముందే.

కొండల్ నవ్వాడు. "నక్షాదేమున్నదే సామ్యేలన్నా! ఊరు ఈడనే ఉన్నది గద, యాడికన్న వోయిందా? మల్ల గీస్కో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మంచి నవ్వే. విషం లేనిది.

అది సామ్యేలు లోపల ఎక్కడో పడి, ఆరలేదు.

*

మరుసటి వేసవి. చెరువు రోజుకింత వెనక్కి పోతూ, బురద మీద రోజుకొక సన్నని అంచు వదిలిపెడుతోంది.

మిలిట్రీ క్యాంపు నుంచి పిలుపు వచ్చింది.

కెప్టెన్ ఏ దేశంవాడో తెలియదు. హిందుస్తానీ మాట్లాడతాడు. కళ్ల కింద నిద్రలేని నలుపు. కందుకూరు దారిలో ఏదో పల్లెలో ఒక ఇంట్లో జంట గోడ దొరికిందని చెప్పాడు. రెండు గోడల మధ్య ఒక మనిషి. ఆ మనిషి ఏమయ్యాడో చెప్పలేదు. సామ్యేలు అడగలేదు.

పన్నెండు ఇళ్ల పేర్లు ఇచ్చాడు. లోపలా బయటా కొలవాలి. ఏ గోడ తక్కిన గోడలకంటే లావుగా తేలితే దాన్ని తవ్విస్తాడు. అంకెలు అక్కర్లేదు, తన జవాన్లకు గీతలు చాలు.

"సాఫ్ చాహియే," అన్నాడు. "బిల్కుల్ సాఫ్."

సామ్యేలు తల ఊపాడు.

భయంతోనా... అవును, భయంతోనే. కాని భయం అడుగున ఇంకొకటి కదిలింది. ఊళ్లో తలుపులు తెరుచుకుంటాయి. తను లోపలికి పోతాడు. మధ్యన తెలుపు నిండుతుంది.

ఆ కదిలినదాని పేరు సంతోషం. దాన్ని గుర్తుపట్టి అతను తల దించుకున్నాడు.

*

పదకొండు ఇళ్లలో గోడలు గోడల్లాగే ఉన్నాయి. టేపు ఒక కొస జవాను పట్టుకున్నాడు, ఇంకో కొస సామ్యేలు. వంటిళ్లు చూశాడు. దేవుడి గూళ్లు చూశాడు. ఆడవాళ్లు మొహం అటు తిప్పుకున్నారు. ఒకరి ఇంట్లో అతను గడప దాటిన మరుక్షణమే వెనకాల పేడనీళ్లు చల్లిన చప్పుడు.

పన్నెండోది నర్సింహమ్మ ఇల్లు. మొగుడు పోయాక ఒంటరిగా ఉంటోంది. పొడుగాటి ఇల్లు — పశువుల కొట్టం నుంచి వంటింటిదాకా ఒకే వరసన ఏడు గదులు, ఎనిమిది గోడలు.

"వచ్చినవా," అంది. "మిలిట్రీ పుణ్యమాని మా వంటిల్లు గూడ జూస్తవు."

"హుకుం, నర్సక్క."

"హుకుం లేకుంటె నువ్వొస్తుంటివా, నేను రానిస్తుంటినా... కొల్వు, కొల్వు. ఇల్లు కొంటవా ఏంది గింత సక్కగ కొలుస్తున్నవ్?"

మాటల్లో ఎప్పటి కారమే. కాళ్లలో లేదు. అతను కొలిచినంతసేపూ ఆమె ఒకేచోట నిలబడింది — వడ్ల గదికీ వంటింటికీ మధ్య గోడకు వీపు ఆనించి. ఆ గోడకు ఎర్రమట్టి పూత కొత్తది.

బయటి పొడుగు రాసుకున్నాడు. ఏడు గదులూ కూడాడు. ఒక్కో గోడ అడుగున్నర చొప్పున ఎనిమిది గోడలూ కూడాడు. తీసివేశాడు.

మళ్లీ తీసివేశాడు.

"తక్కువ వడ్డదా?" అంది నర్సింహమ్మ, నెమ్మదిగా.

"అవ్, అక్క. నాలుగడుగులు."

"యాడ వోయినయ్?"

అతని చూపు ఆమె వీపు వెనక ఎర్రమట్టి పూత మీదికి పోయింది. పోయిన నెల గుట్టల కాడ కొండల్ కాలికి గుండు తగిలిందని ఊరంతా విన్నది. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్లు లేరు. లెవీ వడ్ల కోసం నిజాం మనుషులు ఇళ్ల మీద పడ్డ రోజుల్లో కొందరు గింజలు దాచుకోవడానికి గోడ వెనక గోడ కట్టుకున్నారని కూడా విన్నది. నాలుగడుగుల్లో ఇంకో గోడ పోను, ఒక మనిషి పక్కకు తిరిగి పడుకునేంత జాగా.

జవాను టేపు చుడుతున్నాడు. అతనికి తెలుగు రాదు.

"సదువుకున్నోనివి సామ్యేలు," అంది నర్సింహమ్మ. ఆమె గొంతు అంతకుముందు ఎన్నడూ అతనితో అంత మెల్లగా మాట్లాడలేదు. "నాలుగడుగులు... నీకు యాడనన్న దొరకయా?"

*

బల్ల. బట్ట. సిరా.

కొలత ప్రకారం గీస్తే ఏడు గోడలు సన్నగా, ఒక గోడ అయిదున్నర అడుగులు. చూపుడువేలు పెట్టి చూపించినట్టు ఉంటుంది.

తెగనిది. కనబడనిది. అయినా ఉన్నదని నీకు తెలిసినది.

అతని కన్ను బట్ట మీద ఆ చోట తునకల గీతను తనంతట తనే గీసింది. మనిషి పొడుగు.

అబద్ధం గీయను, అనుకున్నాడు.

ఆ మాట ఎక్కడినుంచి వస్తోందో వినడానికి ప్రయత్నించాడు. అది ఉస్తాద్ గొంతేనా... లేక కచేరీ వాకిట్లో నవ్వు విన్నవాడి గొంతా? లేక ఇన్నేళ్లు గడప బయట నిలబడి ఇప్పుడే లోపలికి వచ్చినవాడిదా? మూడు గొంతులూ ఒకే మాట అంటున్నాయి. మూడింటికీ ఒకే మందం. నిజాయితీ ఎక్కడ ఆగి కసి ఎక్కడ మొదలవుతుందో చూపే గీత లోపల ఎక్కడా లేదు.

బయట ఎండ. చెట్ల నీడలు కాళ్ల కిందికి ముడుచుకున్నాయి.

బొటనవేలు మర మీద కదిలింది. అతను కదిపాడో, అదే కదిలిందో.

పెదవులు వదులయ్యాయి.

అంగుళానికి పదహారు అడుగుల కొలతలో గీత మందమే ఒక కొలత. గీత రవ్వంత లావెక్కితే గోడ అర అడుగు లావెక్కుతుంది. ఎనిమిది గోడలూ తలా అర అడుగు మింగితే నాలుగడుగులు. చెరువులో కడివెడు నీళ్లు పోసినట్టు... చెరువు పెరిగిందని ఎవరనగలరు?

గీశాడు.

ఎనిమిది గోడలూ ఒక్కలాగే వచ్చాయి. లావుగా, నల్లగా, ఏమీ తెలియనట్టు.

కొండల్‌ను క్షమించాడా? ఆ మాట అతనికి తట్టనే లేదు. చేయి చల్లగా ఉంది, అంతే.

ఒక్క ఇంట్లోనే గోడలు లావుగా ఉంటే కెప్టెన్ కన్ను అక్కడే ఆగుతుంది. కాబట్టి తక్కిన పదకొండు ఇళ్లూ అదే మందంతో గీయాలి. పదకొండు నిజమైన నక్షాలు పాడు చేయాలి — ఒక అబద్ధానికి తోడుగా.

రెండు రోజులు గీశాడు. ఇళ్లు ఒళ్లు చేశాయి. గదులు ఇరుకయ్యాయి. వాకిళ్లు ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి.

మూడో రోజు, మధ్యాహ్నం. బెస్తల వీధి.

సిద్దయ్య ఇల్లు, పక్కన సోమయ్య ఇల్లు. రెంటి నడుమ ఒక సందు — అడుగు పది అంగుళాలు. ఒక గోడ గీశాడు. ఆరనివ్వాలి. నుదుటి చెమట రెప్ప మీదికి దిగుతోంది. క్యాంపు నుంచి వచ్చిన జవాను గుమ్మంలో నిలబడి నాలుగోసారి గొంతు సవరించాడు.

ఆరనివ్వలేదు.

రెండో గోడ గీశాడు.

లావు గీత. దాని పక్కన లావు గీత. మధ్యన దారం పోగంత తెలుపు. తడి తడిని పిలిచింది. ఒక గీత అంచు వణికింది. ఒక చుక్క అవతలికి దాటింది... వాన నీళ్లలా రెండు పాయలూ ఒకటయ్యాయి.

సందు లేదు.

ఆరాక బ్లేడుతో గీకితే తెలుపు మళ్లీ వస్తుంది. ఎన్నోసార్లు చేసిన పనే. పావుగంట పడుతుంది.

ఆ సందులో ఎవరు నడుస్తారులే, అనుకున్నాడు.

ఎవరు నడుస్తారో అతనికి తెలుసు. ఊరికంతా తెలుసు. ఆ క్షణాన అది గుర్తుందా లేదా... తర్వాత ఎన్నిసార్లు తవ్వుకున్నా ఆ చోట నలుపే.

బట్ట చుట్టి జవాను చేతికిచ్చాడు.

*

కెప్టెన్ విభాగిని ముళ్లతో గోడలను ఒక్కొక్కటే కొలిచి చూశాడు. నర్సింహమ్మ ఇంటి దగ్గర ముళ్లు ఎనిమిదిసార్లు దిగాయి. ఎనిమిదిసార్లూ ఒకే వెడల్పు.

"మోటీ లకీర్," అన్నాడు. లావు గీతలు దూరానికీ కనబడతాయని మెచ్చుకోలుగా. "దూర్ సే భీ దిఖ్తీ హై."

సామ్యేలు సలాం చేశాడు.

రెండో రోజు తెల్లవారుతుండగా సోదా. నర్సింహమ్మ ఇంట్లో రెండు గోడలు తుపాకి మడమతో కొట్టి చూసి, వడ్లు కాళ్లతో చెదరగొట్టి, వెళ్లిపోయారు. ఏ గోడా తవ్వలేదు.

బెస్తల వీధి మూలన ఒక జవానును నిలబెట్టారు. నక్షా చూసే నిలబెట్టారు. ముందు వాకిలి తప్ప ఆ ఇళ్లకు దారి లేదు. పక్కన గోడ.

ఆ గోడలోంచి ఒక మనిషి వచ్చాడు.

భుజాన వల. ఒళ్లు పక్కకు తిప్పుకుని, వలకు మట్టి అంటకుండా, నలభై ఏళ్లుగా వచ్చినట్టే. సిద్దయ్య.

"ఠహరో!"

ఆగమనే ఆ మాట సిద్దయ్యకు రాదు. వల జారుతుంటే సర్దుకోవడానికి చేయి ఎత్తాడు.

ఒక్కటే చప్పుడు.

చెరువు మీద కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. చాలాసేపు దిగలేదు.

*

నాలుగు రోజులకు కెప్టెన్ పిలిచాడు. నక్షా బల్ల మీద పరిచి ఉంది. నలుపు మీద అతని వేలు.

"ఇక్కడ గోడ ఉంది. గోడలోంచి మనిషి ఎలా వచ్చాడు?"

"గల్తీ, సాబ్. నాదే."

కెప్టెన్ తల ఎత్తాడు. కళ్ల కింద నలుపు ఇంకా చిక్కబడింది.

"గల్తీ ఈ ఒక్క చోటేనా?"

పన్నెండు ఇళ్లు. ఎన్ని గోడలు... అన్నీ అతని నాలుక కొసకు వచ్చి ఆగాయి.

"ఈ ఒక్క చోటే, సాబ్."

"కొలిచి, సరిచేసి పట్రా."

బెస్తల వీధికి నర్సింహమ్మ వాకిలి మీదుగానే దారి. ఆమె అరుగు మీద కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. తల ఎత్తలేదు. ఒక్కదానికి అన్ని జొన్నలు ఎక్కువ. అతను చూశాడు. చూడనట్టు నడిచాడు. కొండల్ ఇంకా లోపలే ఉన్నాడు. కాలు మానలేదు.

పోశమ్మ గడపలో కూర్చుని ఉంది. సిద్దయ్య పెళ్లాం. నొసట బొట్టు లేదు.

"కొలిసెతందుకు వచ్చినవా?"

"అవ్, పోశక్క."

"మొన్న కొలువలేదా?"

"కొలిసిన."

"మరి?"

ఈగలు. గోడ మీద ఎండ.

"నక్షాల మా సందు లేదంట గద," అంది పోశమ్మ. "మిలిట్రోళ్లు అనుకుంటుంటె సోమయ్యకు ఇనవడ్డది. గీసుడు మర్సినవా?"

రెండు మాటలున్నాయి.

మర్వలే — అది నిజం. కాని ఆ నిజానికి తోక ఉంది. ఎందుకు, అని ఈమె అడుగుతుంది. అడిగే హక్కు ఈమెకు కాక ఎవరికి ఉంది? ఎందుకో చెబితే లావు గీతలు చెప్పాలి. లావు గీతలు చెబితే నాలుగడుగులు చెప్పాలి. ఈమె వీధిలో నిలబడి ఏడ్చి చెబుతుంది. సాయంత్రానికల్లా క్యాంపుకు చేరుతుంది. గోడ తవ్వుతారు.

మర్సిన — అది అబద్ధం. అది చెబితే సిద్దయ్య ఒక మతిమరుపుకు చచ్చిపోయినవాడవుతాడు. ఇక ఎప్పటికీ.

"మర్సిన, అక్క."

ఆమె అతని మొహంలోకి చూసింది. తిట్టలేదు.

"నలభయ్ ఏండ్లు గా మనిషి గిండ్లకెంచే వోయిండు. పక్కకు తిరిగి. ఎండ్రికాయ వోతున్నదిరో అని ఊరంత నవ్వెటోళ్లు. సిన్నప్పుడు నువ్వు గూడ ఆయన ఎనుక గట్లనే నడిసినవ్, నవ్వుకుంట." ఆగింది. "గది గూడ మర్సినవా, బిడ్డా?"

అతను టేపు తీశాడు. ఈ రోజు వెంట జవాను లేడు. రెండో కొస పట్టేవాళ్లు లేరు.

పోశమ్మ లేచింది. కొంగు నడుముకు దోపింది. చేయి చాచి టేపు కొస అతని వేళ్లలోంచి తీసుకుని సందులోకి పోయింది — పక్కకు తిరిగి.

సోమయ్య గోడకు ఆ కొస అదిమి పట్టింది.

అక్కడ, భుజం ఎత్తున, మట్టి గోడ మీద, ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక గీత ఉంది. జానెడు వెడల్పు. వల రాసుకుని, భుజం రాసుకుని, నలభై ఏళ్లు రాసుకుని, నునుపు తేలిన గీత. మొన్న కొలిచినప్పుడు అతని కన్ను దాన్ని దాటిపోయింది. ఇప్పుడు పైనుంచి దిగుతున్న ఎండ పాయ దాని మీద పడుతోంది.

మెరుస్తోంది.

తెగినది కాదు. కనబడనిదీ కాదు. దాన్ని ఏ మందంతో గీయాలో అతని వేళ్లకు తెలియలేదు. టేపు మీద అంకె అతని కళ్ల ముందే ఉంది, చదవరాలేదు.

"గట్టిగనే వట్టిన," అంది పోశమ్మ. ఆమె వేళ్లు ఆ నునుపు మీద ఉన్నాయి. "ఎంతున్నది, సామ్యేలు?"

...

"ఎంతున్నదో సెప్పు."